ఐకాన్‌ దగ్గర ఆగిన మా పత్రిక

విజయనగరంలో మా చిన్న పత్రికను ఐప్యాడ్‌ యాప్‌గా తెచ్చే పని నాది. పైడితల్లి సిరిమానోత్సవం సంచికతో మొదలుపెట్టాలని అందరి ఆశ. వ్యాసాలన్నీ పాత డీటీపీ ఫాంట్‌లో, అంటే అచ్చు పేజీలు కూర్చడానికి వాడే ఫాంట్‌లో, ఉన్నాయి. యాప్‌లో పెడితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్‌ అక్షరాల్లోకి మార్చినా అక్కడక్కడా వత్తులు చెదిరాయి. మా అక్క అచ్చు ప్రతి చూసి పైకి చదువుతుంటే నేను దిద్దాను. రెండు రాత్రులు పట్టింది. పేజీలను ఫొటోలుగా పెట్టేస్తే సులువే, కానీ అక్షరం పెద్దది చేసుకోవడం కుదరదు. మా పాఠకుల్లో పెద్దవాళ్లే ఎక్కువ, వాళ్లకు అది అన్యాయం.

తీరా ఆపిల్‌ యాప్‌ స్టోర్‌కి పంపితే అప్‌లోడ్‌ ఆగిపోయింది. ఒకటే టెన్షన్‌. కారణం ఐకాన్‌, అంటే తెర మీద యాప్‌కి గుర్తుగా కనిపించే బొమ్మ! 1024×1024 పిక్సెళ్ల ఆ బొమ్మలో పారదర్శకత, అంటే ఆల్ఫా ఛానల్‌, ఉండకూడదట. వెనక కుంకుమ రంగు నింపి, ఆల్ఫా తీసేసి సేవ్‌ చేశాను. ఈసారి వెళ్లింది.