ట్రంపెట్ పాఠానికి కూర్చునే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడిలో మా ఇంటి వసారాకు ట్రంపెట్ నేర్చుకోవడానికి వచ్చేవారిలో పెళ్లి బ్యాండులో ఏళ్ల తరబడి వాయించినవారూ, పాలపళ్లు ఊడుతున్న పిల్లలూ ఉంటారు కనుక, పాఠానికి ముందు చూసుకోవలసినవి అందరికీ ఒకటే కావు.

మొదటిది మౌత్‌పీస్, అంటే పెదవులకు ఆనించి ఊదే భాగం. ఒకరిది మరొకరి నోటికి వెళ్లకూడదు. తప్పనిసరైతే గోరువెచ్చని సబ్బునీటిలో సన్నని బ్రష్షుతో లోపలిదాకా కడిగి, ఆరిన తరువాతే ఇవ్వాలి. అది ఇరుక్కుంటే పట్టుకారుతో లాగవద్దు, గొట్టం మెలిపడుతుంది.

వేళ్లతో నొక్కే పిస్టన్లను ఒక్కొక్కటిగా పైకి తీసి, రెండు మూడు చుక్కల వాల్వ్ ఆయిల్ వేసి, వాటిపై చెక్కిన 1, 2, 3 అంకెలు చూసుకుని దేని గదిలోకి దాన్నే దించాలి. అవి తారుమారైతే గాలి సరిగా సాగదు. పాపం, కొత్త పిల్లవాడు తప్పు తనదేననుకుని బుగ్గలు ఉబ్బించి ఇంకా గట్టిగా ఊదుతాడు.

ముందుపళ్లు కదులుతున్నా, పెదవి పగిలినా ఆ రోజు ఊదించకుండా స్వరాలను నోటితో పాడించండి.

అనుభవజ్ఞుల విషయంలోనే నాకు ఎక్కువ దిగులు. రాత్రంతా ఊరేగింపులో వాయించి ఉదయాన్నే వచ్చినవారి పెదవి వాచి, మౌత్‌పీస్ అంచు గుర్తు ఎర్రగా కనిపిస్తుంటే, వారు ఎంత పట్టుబట్టినా పాఠాన్ని మరునాటికి వాయిదా వేయండి.