జూన్ 30 ముంచుకొస్తోంది, షెడ్యూల్ ఎల్ కలవట్లేదా?

అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టులు చేసే చిన్న కంపెనీలకు ఇన్‌కర్డ్ కాస్ట్ సబ్మిషన్లు తయారుచేయడం నా పని. అంటే ఏడాదిలో నిజంగా అయిన ఖర్చులూ, వాటి నుంచి తేలిన ఓవర్‌హెడ్ రేట్లూ ప్రభుత్వానికి చూపించే లెక్క. ఇందులోని పట్టికలనే షెడ్యూళ్లంటారు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. జూన్‌లో వర్జీనియా నుంచి మనవాళ్ల ఫోన్ వచ్చిందంటే గొడవ దాదాపు ఈ కింది వాటిలో ఒకటే.

"మావి టీ అండ్ ఎం (పనిచేసిన గంటలకీ, సామానుకీ డబ్బిచ్చే) కాంట్రాక్టులే, మాకెందుకిది?"

కాంట్రాక్టు తెరిచి ఫార్ (ఫెడరల్ కొనుగోళ్ల నిబంధనలు) 52.216-7 క్లాజు ఉందేమో చూడండి. టీ అండ్ ఎం కాంట్రాక్టుల్లోనూ ఉంటుంది. ఉంటే అకౌంటింగ్ సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు పంపాల్సిందే. డిసెంబర్ 31తో ముగిస్తే జూన్ 30. కుదరదనిపిస్తే గడువులోపే కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌ని రాతపూర్వకంగా అడగండి. ఏమీ పంపకుండా కూర్చుంటే మీ ఓవర్‌హెడ్ రేట్లు ప్రభుత్వం వాళ్లే ఖాయం చేస్తారు. అవి మీకు నచ్చవు.

షెడ్యూల్ ఎల్: జీతాల లెక్క 941 ఫారాలతో కలవట్లేదు

మీ పుస్తకాల్లోని జీతాలను, పన్నుశాఖకు క్వార్టర్‌కోసారి పంపే 941 ఫారాలతో పోల్చే పట్టిక ఇది. ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. ఒక కంపెనీలో లేబర్ డిస్ట్రిబ్యూషన్ (పనులవారీగా పంచి రాసిన జీతాలు) 14,20,000 డాలర్లు. నాలుగు క్వార్టర్ల 941ల్లో రెండో లైన్ కూడితే 13,31,000. తేడా 89,000. ఓనరు గారికి చెమటలు పట్టాయి. విప్పి చూస్తే దొంగలెక్కేం లేదు. ఉద్యోగులు 401(కే) రిటైర్మెంట్ ఖాతాలో వేసుకున్నది 52,000, జీతంలోంచి పన్నుకు ముందే కట్ అయిన ఇన్సూరెన్స్ ప్రీమియం 23,000. ఈ రెండూ ఆ లైన్‌లోకి రావు. మిగతా 14,000 డిసెంబర్ ఆఖర్లో చేసిన పనికి జనవరిలో ఇచ్చిన జీతం, అంతకుముందు ఏడాది పనికి ఈ జనవరిలో ఇచ్చిన అలాంటి జీతం (ఏడాది మొదటి అక్రూవల్) పోను.

తేడా ఉండటం తప్పు కాదు, ఒక్కో ముక్కకీ కాగితం చూపించాలంతే. "అదర్ అడ్జస్ట్‌మెంట్" అని ఒకే లైన్ పెట్టారంటే ఆడిటర్ని మీరే ఇంటికి పిలిచినట్టు.

సరిపోదని వెనక్కి పంపేశారు

ఈ లెక్కలు ఆడిట్ చేసే రక్షణ శాఖ సంస్థ డీసీఏఏ ముందు అడెక్వసీ చూస్తుంది, అంటే అన్నీ ఉన్నాయా, ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని. కాంట్రాక్టులవారీ ఖర్చులు చూపే షెడ్యూల్ హెచ్ మొత్తం, ఖాతా పుస్తకాలతో సరిచూసే షెడ్యూల్ జీతో కలవాలి. షెడ్యూల్ జేలో సబ్‌కాంట్రాక్టర్లు ఒక్కరూ తప్పిపోకూడదు. షెడ్యూల్ ఎన్, అంటే లెక్కలు సరైనవేననే సర్టిఫికెట్ మీద వైస్ ప్రెసిడెంట్ లేదా సీఎఫ్ఓ స్థాయికి తగ్గనివాళ్లు సంతకం పెట్టాలి. డీసీఏఏ సైటులో ఉచితంగా దొరికే ఐస్ మోడల్ ఎక్సెల్ వాడితే షీట్ల మధ్య లింకులు అవే కలుస్తాయి. సొంత ఎక్సెల్ మీద మమకారం వదులుకోండి.

పూల్‌లో పార్టీ బిల్లు దొరికింది

పూల్ అంటే ఒక్క కాంట్రాక్టుకని కాకుండా అన్నిటికీ పంచే ఖర్చుల కుప్ప. దీపావళి పార్టీ బిల్లు మొత్తం జీ అండ్ ఏ (కంపెనీ నిర్వహణ ఖర్చులు) పూల్‌లో పడేశారు. అందులో వైన్ కూడా ఉంది. మద్యం, వినోదం, అప్పు మీద వడ్డీ, విరాళాలు: వీటికి అనుమతి లేదని ఫార్ 31.205లో స్పష్టంగానే రాసి ఉంది. అలాంటివి క్లెయిమ్ చేస్తే తిప్పి కట్టడంతో పోదు, పెద్ద కాంట్రాక్టుల్లో అంతే మొత్తం పెనాల్టీ, పైన వడ్డీ. ఆడిట్ మొదలవకముందే మీరే ఉపసంహరించుకుని సవరించి పంపితే పెనాల్టీ మాఫీ చేస్తారు.

అలాగని జీఎల్ (జనరల్ లెడ్జర్) లోంచి చెరిపేయకండి. అనుమతి లేని ఖర్చులకు వేరే ఖాతా తెరిచి, బిల్లు వచ్చిన రోజే అందులో రాయండి. ఏడాది చివర క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు వెతుక్కుంటే ఏదో ఒకటి జారిపోతుంది.

షెడ్యూల్ ఐలో ఎక్కువ బిల్ చేసినట్టు తేలింది

క్లెయిమ్ చేసిన ఖర్చునీ, బిల్ చేసినదాన్నీ పోల్చే పట్టిక ఇది. ఏడాది పొడవునా తాత్కాలిక ఓవర్‌హెడ్ రేటు 38 శాతంతో బిల్ చేశారు, అసలు రేటు 33 తేలింది. ఆ తేడా ప్రభుత్వానిది, దాచుకోకుండా తర్వాతి వోచర్లో (ప్రభుత్వానికి పంపే బిల్లులో) తగ్గించండి. నెలనెలా అసలు రేటు వేసుకుని, తేడా పెరుగుతుంటే బిల్లింగ్ రేట్లు మార్చమని అడగండి. పనంతా పూర్తయిన కాంట్రాక్టులకైతే, చివరి రేట్లు ఖాయమైన 120 రోజుల్లోపు ఆఖరి వోచర్ పంపాలి.