ప్రెసిషన్ బేస్ మొరాయిస్తే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తయారుచేసిన ప్రెసిషన్ బేస్‌ని, అంటే లోతైన స్వరాలు పలికే నాలుగు తీగల ఎలక్ట్రిక్ గిటార్‌ని, ఇవాళ విప్పి చూసినా కనిపించేవి కొన్నే. ఒక చెక్క (బాడీ), దానికి నాలుగు స్క్రూలతో బిగించిన నెక్ (వేళ్లు పెట్టే పొడవాటి భాగం), తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ఒక పికప్, వాల్యూమ్, టోన్ నాబ్‌లు, కేబుల్ పెట్టే జాక్. బ్యాటరీ లేదు, స్విచ్ లేదు. నెక్ మీద ఫ్రెట్లు, అంటే అడ్డంగా ఉండే లోహపు గీతలు, ఉన్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టారు. 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేశాక మూల డిజైన్‌ని మార్చాల్సిన అవసరం రాలేదు. దీన్ని నేను సౌండ్ కోసం ఎంత ఇష్టపడతానో, పాడైతే కారణం మనమే కనిపెట్టగలం అన్నందుకూ అంతే ఇష్టపడతాను. ఫెండరే కానక్కర్లేదు, ఇదే డిజైన్‌లో వచ్చే ఏ బేస్‌కైనా కింద చెప్పినవి పనికొస్తాయి.

సమస్య: ఇంట్లో అద్భుతంగా ఉంది, బ్యాండ్‌తో వాయిస్తే వినిపించడం లేదు

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగినవాళ్లలో చాలామంది పికప్ మార్చేద్దామన్న ఆలోచనతోనే వస్తారు. పికప్‌లో లోపం ఉండదు. యాంప్ (యాంప్లిఫయర్) మీద బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) పెంచి, మిడ్స్ (మధ్య స్వరాలు) తగ్గించి ఉంటారు. గదిలో ఒక్కరే వాయించుకున్నప్పుడు అలా బాగుంటుంది. స్టేజి మీద మాత్రం కింది భాగాన్ని కిక్ డ్రమ్, పై భాగాన్ని సింబల్స్, గిటార్లు ఆక్రమిస్తాయి. మీకు మిగిలేది మధ్యభాగం, దాన్నేమో మీరే తీసేశారు.

తీగలు లావు నుంచి సన్నానికి వరుసగా ఇ, ఎ, డి, జి. లావు తీగ, అంటే ఇ తీగ, మూల స్వరం దాదాపు 41 హెర్ట్జ్. చిన్న స్పీకర్లు అంత కిందికి దిగలేవు. జనం చెవికి చేరేది దాని పైనుండే స్వరాంశాలే, ఈ బేస్ బలమంతా వాటిలోనే ఉంది. యాంప్ మీది నాబ్‌లన్నీ మధ్యకు తెచ్చి మొదలుపెట్టండి. బేస్ నాబ్ కొంచెం తగ్గించి, 400 నుంచి 800 హెర్ట్జ్ ప్రాంతాన్ని కాస్త పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో పలికినట్టుంటుంది. కంగారు పడకండి, డ్రమ్స్ మొదలయ్యాక వినండి.

సమస్య: ఎ తీగను ఓపెన్‌గా మీటితే బుర్రుమంటోంది, ఏ ఫ్రెట్ నొక్కినా బాగానే ఉంది

ఒకసారి నా బేస్‌కి ఇదే వస్తే, ఒక షాపులో ఫ్రెట్లు అరిగాయి, అన్నీ రుద్ది సమం చేయాలన్నారు. మనసొప్పక ఇంటికి తెచ్చి టేబుల్ లైటు కింద హెడ్‌స్టాక్‌ని (నెక్ చివర తీగలు చుట్టే తలభాగాన్ని) దగ్గరగా చూశాను. డి, జి తీగలు గుండ్రటి రిటైనర్ (తీగల్ని కిందికి నొక్కే బిళ్ల) కిందుగా వెళ్తున్నాయి, అది వాటిని నట్ (నెక్ మొదట్లో తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) మీదకి గట్టిగా అదిమి ఉంచుతోంది. ఎ తీగకు ఆ ఆధారం లేదు. పైగా పోస్ట్‌కి (తీగ చుట్టే ట్యూనింగ్ కడ్డీకి) ఒకటిన్నర చుట్టు మాత్రమే చుట్టారు, అదీ పై అంచున. తీగ దాదాపు అడ్డంగా వచ్చి నట్ గాడిలో వదులుగా కూర్చుంది.

మీరూ ఇలా పరీక్షించండి. నట్‌కీ పోస్ట్‌కీ మధ్య ఆ తీగను వేలితో కిందికి నొక్కి, ఓపెన్‌గా మీటండి. బుర్రు ఆగిపోతే కారణం ఇదే.

కొత్త తీగ వేసేటప్పుడు పోస్ట్ దాటాక పది, పన్నెండు సెంటీమీటర్లు వదలండి. ముందు తీగను తొంభై డిగ్రీలు వంచి, ఆ వంపు అవతల కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే కొన్ని తీగల్లో పైచుట్టు వదులై సౌండ్ మొద్దుబారుతుంది. కొసను పోస్ట్ రంధ్రంలోకి దింపి, ప్రతి చుట్టూ ముందుదాని కిందికి వచ్చేలా రెండున్నర, మూడు చుట్లు తిప్పండి. నా బేస్‌కి పట్టింది పది నిమిషాలు. ఫ్రెట్లను ఎవరూ ముట్టుకోలేదు.

సమస్య: తీగలన్నీ ఫ్రెట్లకు తగులుతున్నాయి

వానాకాలం, ఎండాకాలం మారేటప్పుడు నెక్ చెక్క కదులుతుంది. విశాఖ తేమలో ఉన్న గిటార్ హైదరాబాద్ ఏసీ గదికి వచ్చినా అంతే. ట్యూన్ చేశాక తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీలో కలిసే చోటా నొక్కి పట్టుకుని ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరాలి, అంటే ఇంచుమించు 0.3 మిల్లీమీటర్లు. సందే లేకపోతే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి లోహపు కడ్డీని) దాని స్క్రూతో వదులు చేయాలి, మరీ ఎక్కువుంటే బిగించాలి. ఒక్కసారికి పావు చుట్టు మించవద్దు. బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చేయకండి. పాత తరహా వాటిలో ఆ స్క్రూ బాడీ వైపు ఉంటుంది, నెక్ విప్పితే గాని అందదు.

నెక్ సరిగ్గా ఉన్నాకే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆని, వాటి ఎత్తు మార్చే భాగం) జోలికి వెళ్లండి. పదిహేడో ఫ్రెట్ దగ్గర లావు తీగ 2.4, సన్న తీగ 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలామందికి సరిపోతుంది.

సమస్య: హమ్మింగ్

రెండు ముక్కల పికప్‌లో ఒక కాయిల్ పట్టిన హమ్‌ని రెండోది కొట్టేస్తుంది. కాబట్టి గట్టిగా హమ్ వస్తోందంటే పికప్‌ని కాదు, ఎర్త్‌ని అనుమానించాలి. తీగలు ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జ్ కిందికి వెళ్లే సన్నని ఎర్త్ వైరు తెగి ఉండొచ్చు. బ్రిడ్జ్ స్క్రూలు విప్పి, వైరు కొస లోహానికి ఆనేలా పెట్టి బిగించండి. ముట్టుకున్నప్పుడు హమ్ తగ్గడం మామూలే.

తీగలు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. అది గిటార్ తప్పు కాదు, యాంప్‌ది గానీ ఇంటి కరెంటుది గానీ. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడకండి, ప్రాణం మీదకి వస్తుంది.

సమస్య: నాబ్ తిప్పితే గరగర

లోపల దుమ్ము. పిక్‌గార్డ్ (నాబ్‌లు ఉన్న ముందు పలక) విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. తలుపు కీళ్లకు వాడే స్ప్రే వద్దు. విప్పినప్పుడే జాక్ నట్ కూడా చూడండి. అది వదులైతే జాక్ తిరిగి తిరిగి వెనక వైర్లు తెగుతాయి.

సమస్య: రెండు తీగలు గట్టిగా, రెండు నెమ్మదిగా

పికప్‌లో ఒక ముక్క ఇ, ఎ తీగలకు, రెండోది డి, జి తీగలకు. నెమ్మదిగా ఉన్న వైపు ముక్కను స్క్రూలతో కొంచెం పైకి లేపండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది.

సమస్య: జి తీగ మీద ఐదు, ఆరు ఫ్రెట్ల దగ్గర స్వరం త్వరగా ఆరిపోతోంది

ఆ స్వరం దగ్గర నెక్, హెడ్‌స్టాక్ కూడా కంపించి తీగ శక్తిని లాగేసుకుంటాయి. నెక్‌ని స్క్రూలతో బిగించిన బేస్‌లలో ఇది మామూలే. హెడ్‌స్టాక్‌కి చిన్న క్లాంప్ బిగించి చూడండి, స్వరం ఆరిపోయే చోటు పక్క ఫ్రెట్‌కి జరుగుతుంది, పూర్తిగా పోదు. నేనైతే ఆ స్వరాన్ని డి తీగ మీద వాయిస్తాను.

సమస్య: తీగలు పాతబడి మెరుపు పోయింది

రౌండ్‌వౌండ్ (గుండ్రటి వైరు చుట్టిన, గరుకైన) తీగలైతే మార్చండి. ఫ్లాట్‌వౌండ్ (చదునైన వైరు చుట్టిన, నున్నని) అయితే ఆగండి. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డింగ్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలే వాడారు, తెగితే తప్ప మార్చేవారు కాదు. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న స్పాంజ్ ముక్క పెట్టి, టోన్ సగానికి తగ్గించి, చూపుడు వేలుతో ఒక పాట మొత్తం వాయించండి. మార్చాలో వద్దో ఆ తర్వాత చూసుకోవచ్చు.