అబార్షన్ తర్వాత ఆగని గుండెదడ: నాకు పనిచేసింది ఇదీ

అబార్షన్ తర్వాత వచ్చిన దడ ఎలా తగ్గిందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. కడుపులో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో బిడ్డకు తీవ్రమైన గుండె లోపం ఉందని తేలి, గర్భం తీయించుకున్నాం. ఒళ్లు కోలుకుంది. కానీ సీమంతం పిలుపు వచ్చినా, ఆ స్కానింగ్ సెంటర్ వీధి కనిపించినా గుండెదడ, చెమటలు. అర్ధరాత్రి మెలకువలు.

పుట్టింటికి వెళ్లడం, గుళ్లు తిరగడం, "మళ్లీ కడుపు పండితే అన్నీ మర్చిపోతావమ్మా" అన్న ఓదార్పు, ఏవీ పనిచేయలేదు.

చివరికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ల సలహాతో ఒక సైకాలజిస్టును కలిశాను. ఆవిడ ముందు దడను ఆపడం నేర్పారు: పాదాలు నేలకు ఆనించి, కనిపించే ఐదు వస్తువులు, తాకగలిగే నాలుగు, వినిపించే మూడు శబ్దాలు పైకి చెప్పడం. అది చేతనయ్యాకే ఆ రోజు జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా ఆవిడకు చెప్పాను. ఏడుపొస్తే ఆగి, మళ్లీ అక్కడి నుంచే. తర్వాత మా ఆయనకు చెప్పాను. ఆయనా అప్పుడే ఏడ్చారు. ఆఖరున ఆ వీధికి ఇద్దరం వెళ్లి, దడ తగ్గేదాకా నిలబడ్డాం. మధ్యలో వెనక్కి రాకపోవడమే ముఖ్యమట. మొదటిసారి చాలా కష్టమైంది, తర్వాత తేలికైంది.

మాది కోరుకున్న బిడ్డ. వేరే పరిస్థితుల్లో చేయించుకున్నవాళ్ల బాధ వేరుగా ఉండొచ్చు, ఊరట మాత్రమే ఉండొచ్చు, అదీ తప్పు కాదు. జరిగింది తిరిగి చెప్పుకోవడం మాత్రం శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరే మొదలుపెట్టండి. చచ్చిపోవాలనిపిస్తే దేనికీ ఆగకుండా అదే నంబరుకు ఫోన్ చేయండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి.