కాక్‌టెయిల్‌కి సహజ రంగు వేసే ముందు జాగ్రత్తలు

ముందు మందు రంగు చూసుకోండి. వోడ్కా, జిన్ లాంటి రంగులేనివాటిలోనే పూల రంగు తేటగా కనిపిస్తుంది. విస్కీలో వేస్తే బురదనీళ్లలా అయిపోతుంది.

శంఖుపూలు: నీలం పూలే కావాలి, తెల్లవి రంగునివ్వవు. పూజ కోసం అమ్మే పూల మీద ఏ పురుగుమందు చల్లారో తెలియదు కాబట్టి, పెరట్లో పూసినవి గానీ, టీ కోసం ఎండబెట్టి అమ్మేవి గానీ వాడండి. కాయలు, గింజలు పడకుండా ఏరేయండి. ఐదారు ఎండు పూలను అర కప్పు వేడినీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, పలచని గుడ్డలో వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. నిమ్మరసం మాత్రం అందరూ చూస్తుండగా చివర్లోనే పిండాలి. పులుపు తగలగానే నీలం కాస్తా ఊదాగా మారిపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఈ శ్రమంతా! ముందే కలిపేస్తే ఆ సరదా పోతుంది.

బీట్‌రూట్ రసం చెంచాతో మొదలుపెట్టండి, ఎక్కువైతే మట్టివాసన వస్తుంది. మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే టెన్షన్ పడొద్దని అతిథులకు ముందే చెప్పండి.

పసుపు నీళ్లలో కరగదు, అడుక్కి చేరుతుంది. వోడ్కాలో నానబెట్టి వడకట్టండి. బట్టల మీద పడితే మరక వదలదు.

నల్లరంగు కోసం యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే బొగ్గుపొడి దయచేసి వేయకండి. అది మనం వేసుకున్న మాత్రలను ఒంటికి పట్టనివ్వదు. ఏ అతిథి బీపీకో, గుండెకో మాత్ర వేసుకుని వచ్చారో మనకెలా తెలుస్తుంది?

పిల్లలకు విడిగా శంఖుపూల షర్బత్ చేసి, గ్లాసులు వేరే ట్రేలో పెట్టండి. రెండూ ఒకే రంగులో ఉంటాయి.