ఐ ముందా, ఈ ముందా: యూకేకి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

వచ్చిన కొత్తలో బ్యాంకు ఖాతా, జీపీ (మన పేటలోని డాక్టరు) దగ్గర రిజిస్ట్రేషన్, పిల్లల బడి, వీటితోనే ఊపిరి సలపదు. ఇక స్పెల్లింగు గోల ఎవరికి పడుతుంది? నేనూ అలాగే అనుకున్నాను. మొదటి నెల అద్దె కట్టి, "డబ్బు అందిందా? రసీదు ఇవ్వండి" అని ఇంటావిడకు ఇంగ్లీషులో చీటీ రాసి తలుపు కింద నుంచి తోశాను. సాయంత్రం రసీదు వచ్చింది. దానికి పిన్ను కొట్టి నా చీటీ కూడా వచ్చింది. రిసీవ్‌లో ఒకచోట, రిసీట్‌లో ఒకచోట ఐ, ఈ అక్షరాలను అటూ ఇటూ మారుస్తూ ఎర్ర పెన్నుతో బాణాలు! రిసీట్‌లో పలకని పీ ఒకటి ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ రిటైరైన టీచరట.

"ఐ బిఫోర్ ఈ, ఎక్సెప్ట్ ఆఫ్టర్ సీ" (ముందు ఐ, తర్వాత ఈ; సీ తర్వాతైతే తారుమారు) అని మనకూ చిన్నప్పుడు బళ్లో చెప్పారు. అయితే చెప్పింది సగమే. ఆ జంట అక్షరాలు దీర్ఘంగా "ఈ" అని పలికినప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది. ఇది తెలియక బట్టీపడితే చాలా మాటలు మినహాయింపుల్లాగే కనిపిస్తాయి. అందుకే ఈ సూత్రం నేర్పడం దండగని 2009లో ఇక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలే టీచర్లకు చెప్పాయి. 2014 నుంచి అమల్లో ఉన్న ఇంగ్లండ్ పాఠ్యప్రణాళికలో మాత్రం ఇయర్ 5, ఇయర్ 6 తరగతుల పిల్లలకు ఇది మళ్లీ ఉంది, ఈసారి "ఈ" శబ్దం షరతుతో సహా. ఇయర్ 6 చివర రాసే జాతీయ పరీక్షలు శాట్స్‌లో 20 మాటల స్పెల్లింగు పేపరుంటుంది. కాబట్టి ఇంట్లో అడగక తప్పదు, పిల్లలకు చెప్పే ముందు మనం నేర్చుకోక తప్పదు.

బిలీవ్, అచీవ్, ఫీల్డ్, నీస్, చీఫ్: వీటిలో ఐ ముందు. రిసీవ్, డిసీవ్, సీలింగ్: వీటిలో ఈ జంటకు సరిగ్గా ముందు సీ ఉంది కాబట్టి ఈ ముందు. నేను పెట్టుకున్న గుర్తు ఇది: సీ అనే అక్షరం పేరు పలికి చూడండి, చివర మిగిలేది ఈ. అందుకని సీ వెనకాలే ఈ.

"ఈ" శబ్దం లేని మాటల దగ్గరే మనం ఎక్కువగా బోల్తా పడతాం. జీపీ ఇచ్చే ఫారంలో ఎత్తు, బరువు అడుగుతారు. హైట్, వెయిట్ రెండింటిలోనూ ఈ ముందు. వెయిట్, ఎయిట్ లాంటివాటికి తెలుగువాళ్లు తడుముకోనక్కర్లేదు. మనం రాసుకునే తీరే వరస చెబుతుంది: ముందు "ఎ", తర్వాత "యి". పక్కింటివారిని మనం నైబర్ అంటాం కానీ ఇక్కడ నేబర్ అంటారు. అలా పలికితే అదీ ఈ గుంపులోకే వస్తుంది. ఫారిన్‌లోనూ ఈ ముందే. ఫ్రెండ్ మాత్రం ఈ లెక్కకు లొంగదు, దాన్లో ఐ ముందు.

సీ తర్వాత కూడా ఐ ముందు వచ్చే మాటలున్నాయి. ఏన్షెంట్, సఫిషెంట్, ఎఫిషెంట్‌లలో సీ "ష" అని పలుకుతుంది, అది వేరే దారి. ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే వేకెన్సీస్‌లో ఉన్నది బహువచనం, చివరి వై పోయి ఐ-ఈ-ఎస్ వచ్చింది. సైన్స్‌లోనైతే ఆ రెండక్షరాలూ విడివిడిగా పలుకుతాయి, అవి జంటే కాదు.

పేర్ల జోలికి ఏ సూత్రమూ రాదు. కీత్, నీల్, షీలా అందరూ ఈ ముందువాళ్లే. లెస్టర్ ఊరి పేరులోనూ ఈ ముందే, పైగా కొన్ని అక్షరాలు పలకవు. మనుషుల పేర్లు వాళ్ల ఈమెయిల్ కింద ఉన్న సంతకం చూసి దించేయండి, మొహమాటం అక్కర్లేదు.

ఇక అసలు మినహాయింపులు. ప్రొటీన్, కెఫీన్, సీజ్ అని పాఠ్యప్రణాళికే చెబుతుంది. ఈదర్, నీదర్ అని పలికేవారికి ఆ రెండూ కూడా. ఐదర్, నైదర్ అనేవారికి ఆ బాధ లేదు. వియర్డ్‌ను కూడా ఈ చిట్టాలోనే రాసుకోండి.

ఈ సీజ్ దగ్గరే మా అమ్మాయి ముందు పరువు పోయింది. మన పేపర్లలో పోలీసులు రోజూ ఏదో ఒకటి సీజ్ చేస్తూనే ఉంటారు కదా, అదేనమ్మా, ఎస్-ఈ-ఐ-జెడ్-ఈ అని ధీమాగా చెప్పాను. అది చరిత్ర పుస్తకం తెరిచి కోట బొమ్మ మీద వేలుపెట్టింది. "మరి ఇక్కడ ఐ ముందుంది కదా నాన్నా?" చూస్తే అది ముట్టడి. దాని స్పెల్లింగు ఎస్-ఐ-ఈ-జీ-ఈ. తెలుగులో రాస్తే అదీ సీజే, ఇదీ సీజే.