పిల్లల్ని చూపించడం లేదని కోర్టు ధిక్కార పిటిషన్ వేసే ముందు

సెలవులు దగ్గరపడేకొద్దీ విడిపోయిన భార్యాభర్తల మధ్య విజిటేషన్ (కోర్టు ఉత్తర్వు ప్రకారం బిడ్డను కలవడం) గొడవలు ముదురుతాయి. పిటిషన్ వేసేముందు ఇవి చూసుకోండి.

– ఏడాది గడువు. ఉల్లంఘన జరిగిన రోజు నుంచి ఏడాది దాటితే 1971 కోర్టు ధిక్కార చట్టంలోని సెక్షన్ 20 అడ్డొస్తుంది. రాజీ మాటలతో నెలలు గడిపేసినవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

– ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని ఒక్కో మాటా చదవండి. "నెలకు రెండుసార్లు" అని మాత్రమే ఉంటే ఉల్లంఘన తేల్చడం కష్టం. "రెండో శనివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు, ఫలానా చోట" అన్నట్టు ఉండాలి. లేకపోతే ముందు ఆ కోర్టులోనే స్పష్టత అడగండి.

– కావాలనే చేశారని చూపాలి. బిడ్డకు జ్వరమొచ్చిన ఒక్క ఆదివారం సరిపోదు. తేదీ, సమయం, "గేటు దగ్గరున్నాను" అని అప్పుడే పంపిన మెసేజ్, దానికొచ్చిన జవాబు, ప్రతిసారీ విడిగా దాచండి.

– ఉత్తర్వు సంగతి అవతలివారికి తెలుసనడానికి రుజువు.

– ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వైతే ధిక్కార పిటిషన్ హైకోర్టులో వేయాలి. ఉత్తర్వును అమలు చేయించమని అడిగే అమలు పిటిషన్ మాత్రం ఫ్యామిలీ కోర్టులోనే. ధిక్కారానికి శిక్ష ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీకు కావాల్సింది వచ్చే శనివారం బిడ్డను చూడటమైతే అమలు పిటిషనే ముందు.

– మనోవర్తి ఆపకండి. ఆపితే ఉల్లంఘించినవారు మీరవుతారు.

– ఏడుస్తున్న బిడ్డ ముందు ఫోన్ పెట్టి సాక్ష్యం రికార్డు చేయకండి. నలిగిపోయేది ఆ పసిమనసే.